తిరువయ్యారులో ఆడవారి జట్టు

కష్టం వచ్చినప్పుడు మనం ఎవరికో ఒకరికి చెప్పుకుంటాం. 'చెప్పు' ధాతువుకు 'కొను' చేరితే అర్థం ఎంత మారుతుందో గమనించండి. వార్త చెబుతాం, బాధ చెప్పుకుంటాం. 'మొరపెట్టుకొను' కూడా ఇటువంటిదే. దేవుడికి చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కాని సాటి భక్తుల మధ్య కూర్చుని గొంతు కలపాలంటే అక్కడ మనకొక చోటు ఉండాలి. ఆ చోటు స్త్రీలకూ పురుషులకూ ఒకే విధంగా దొరకలేదనడానికి తమిళనాట తెలుగు కీర్తన చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది.

త్యాగరాజు (1767–1847) రచించిన దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు పదిమందీ కలిసి పాడుకోవడానికి అనువైనవి. ఒకరు ఎత్తుకుంటే తక్కినవారు అందుకుంటారు. ఇటువంటి భజన గోష్ఠులు మగవారికి సంగీతంతోపాటు సాంగత్యాన్నీ ఇచ్చాయి. స్త్రీలకు ఇంటి పాటలు, నోములు, పేరంటాలు ఉండేవి. అయితే పేరంటానికి పిలుపు ముత్తయిదువలకే. భర్త పోయిన స్త్రీకి తోడు ఎక్కువగా కావలసిన రోజునుంచే ఆ పిలుపు ఆగిపోయేది. దేవదాసి పరిస్థితి మరొక రకం. ఆమెను నిత్యసుమంగళి అన్నారు, శుభకార్యాలకు పిలిచారు. కాని గృహిణుల వరుసలో కూర్చోబెట్టలేదు, భాగవతుల గోష్ఠిలోనూ చేర్చుకోలేదు.

బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) ఆ కులంలో పుట్టిన విదుషీమణి. జన్మస్థలం మైసూరు దగ్గరి నంజనగూడు. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. కన్నడం, తెలుగు, సంస్కృతం నేర్చి, మద్రాసులో గాయనిగా స్థిరపడ్డారు. ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను 1910లో పరిష్కరించి ప్రకటిస్తే, మరుసటి సంవత్సరమే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947లో గాని తొలగలేదు.

1921లో, తిరువయ్యారులోని త్యాగరాజ సమాధి పాడుపడి ఉన్నదని ఆమెకు తెలిసింది. తన సొంత సొమ్ముతో అక్కడ గుడి కట్టించి, 1925లో విగ్రహ ప్రతిష్ఠ జరిపించారు. అప్పటికే ఆరాధన నిర్వహణలో మగవారు రెండు జట్లుగా చీలి ఉన్నారు. ఒకటి పెరియ కట్చి, అంటే పెద్ద జట్టు. రెండవది చిన్న కట్చి. ఎంత తగవులాడుకున్నా ఆ మగవారిలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక జట్టు ఉంది. గుడి కట్టించిన ఆమెకు మాత్రం ఆరాధనలో పాడే హక్కు లేకపోయింది.

ఈ నిరాకరణను ఆమె ఎదుర్కొన్న తీరు ఆలోచించదగినది. అలిగి మద్రాసుకు తిరిగి వెళ్ళిపోలేదు, ఇంట్లో ఒంటరిగా పాడుకుని తృప్తిపడలేదు. తనవంటి స్త్రీలను కూడగట్టి, గుడి వెనుక భాగంలో గానం సాగించారు. జనం దానిని పెణ్‌గళ్ కట్చి, అంటే ఆడవారి జట్టు అన్నారు. అందులో ఎక్కువమంది దేవదాసీ కుటుంబాలవారు. 1920ల చివర ఆ వ్యవస్థ రద్దు గురించి మద్రాసు శాసనమండలిలో చర్చ జరుగుతున్నది. వృత్తీ, గౌరవమూ, రేపటి కూడూ ఏమవుతాయోనన్న బెంగ వారిలో ప్రతి ఇంటా ఉండేది. ఆ బెంగకు ఉత్సవం మందు కాదు. కాని ఏడాదికొకసారైనా తమను తక్కువగా చూడని మనుషుల మధ్య తలెత్తుకుని పాడే అవకాశం దొరికింది. 1940 ప్రాంతంలో మూడు జట్లూ కలిశాయి. స్త్రీలకు ముందు వరుసలో పాడే వీలు అప్పుడు కలిగింది. 1947లో దేవదాసీ వ్యవస్థ చట్టరీత్యా రద్దయింది. తన ఆస్తిని త్యాగరాజ సేవకు రాసి ఇస్తూ, దేవదాసీలతో సహా స్త్రీలు అక్కడ పాడే హక్కును నాగరత్నమ్మ వీలునామాలోనే పదిలపరిచారు.

మతం ఓదార్పునిస్తుందని మనం తేలికగా అంటాం. ఓదార్పులో చాలా భాగం పక్కన కూర్చున్న మనిషి వల్ల వస్తుంది. మగవారికి ఆ పక్క మనిషి గోష్ఠిలో ముందే సిద్ధంగా ఉన్నాడు. ఆడవారు తమ గోష్ఠిని తామే కట్టుకోవలసి వచ్చింది.

మీలో తంజావూరు వైపు వెళ్ళేవారు ఆ గుడి ఎదురుగా చేతులు జోడించి కూర్చున్న నాగరత్నమ్మ విగ్రహాన్ని చూసి రండి. బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో ఉన్నవారు మీ ఇళ్ళలోని పెద్ద స్త్రీలను ఒక ప్రశ్న అడగండి: "కష్టకాలంలో మీరు ఎవరి దగ్గర కూర్చుని చెప్పుకున్నారు?" వారి జవాబులు వారి మాటల్లోనే రాసి పెట్టుకోండి. మన స్త్రీల చరిత్రలో చాలా భాగం ఇంకా కాగితం మీదికి ఎక్కలేదు.