ఉద్దానం పెరటితోటలు

ఉద్దానం పెరటితోటలు శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో, సముద్రతీరానికి చేరువగా ఉన్న ఇసుకనేలల్లో ఇళ్ళ చుట్టూ పెంచే తోటలు. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో విస్తరించిన ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అనే మాట నుండి ఈ పేరు వచ్చిందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి ముఖ్యమైన చెట్లు. విజయనగరం జిల్లాలోని భోగాపురం, పూసపాటిరేగ మండలాల తీరగ్రామాలలో కూడా ఇసుకనేలలు ఉన్నందున ఈ పద్ధతులు అక్కడికీ వర్తిస్తాయి.

నేల, నీటి స్వభావం

థార్ ఎడారిలో ఏటా సుమారు 100 నుండి 500 మి.మీ. వర్షం కురుస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో ఇది దాదాపు 1,000 మి.మీ. లేదా అంతకు పైగా ఉంటుంది. అయితే ఈ వర్షంలో అధికభాగం జూన్ నుండి అక్టోబరు లోపలే పడుతుంది. ఇసుక రేణువులు పెద్దవి కావడం వలన నీరు త్వరగా అడుగుకు ఇంకిపోతుంది. ఆ నీటితో పాటు ఎరువులోని పోషకాలు కూడా కొట్టుకుపోతాయి. అందుచేత వేసవిలో లేత మొక్కకు ఈ నేల ఎడారితో సమానం. దీనికి తోడు సముద్రం నుండి ఉప్పుగాలి వీస్తుంది.

తీరప్రాంతంలో భూమి అడుగున మంచినీరు, తనకంటే బరువైన ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. శాస్త్రీయ అంచనా ప్రకారం మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే 1 మీటరు ఎత్తున ఉంటే, సముద్రమట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరు నిలుస్తుంది. నీటిని అతిగా తోడి ఈ మట్టాన్ని తగ్గిస్తే అడుగునున్న ఉప్పునీరు పైకి వస్తుంది. కావున లోతైన బోరు కంటే తక్కువ లోతు గల నుయ్యి నుండి కొద్దికొద్దిగా నీరు తోడుకోవడం మేలు.

మొక్కల ఎంపిక

కొబ్బరి: ఉప్పుగాలిని, కొంత ఉప్పునీటిని తట్టుకుంటుంది. పొడవు రకాలు కాపుకు రావడానికి సుమారు 6, 7 సంవత్సరాలు పడుతుంది.

జీడిమామిడి: బ్రెజిల్ దేశానికి చెందిన ఈ చెట్టును 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు భారతదేశానికి తెచ్చారు. దీని వేళ్ళు ఇసుకను పట్టి ఉంచుతాయి. అంటుమొక్కలు మూడవ సంవత్సరం నుండి కాపునిస్తాయి.

పనస: ఇసుకనేలలో బాగా పెరుగుతుంది కాని వేళ్ళ దగ్గర నీరు నిలిస్తే చనిపోతుంది. మెరక స్థలంలో నాటాలి.

మునగ, సీతాఫలం, రేగు, ఉసిరి: తక్కువ నీటితో పెరుగుతాయి. విత్తనంతో పెంచే పొట్టికాలపు మునగ రకాలు మొదటి సంవత్సరంలోనే కాస్తాయి.

సరుగుడు, మొగలి: సముద్రం వైపు గాలికి అడ్డుగా, కంచెగా పనికివస్తాయి. ఇసుకతిన్నెలపై వాటంతట అవే పెరిగే బాలబండితీగ, రావణాసురుడి మీసాలు ఇసుక ఎగిరిపోకుండా ఆపుతాయి. వాటిని పీకివేయరాదు.

అరటి, బొప్పాయి మొక్కలకు నీరు ఎక్కువ కావాలి. గాలికి సులువుగా విరుగుతాయి. వీటిని నుయ్యి దగ్గర, గాలి తగలని చోట మాత్రమే పెంచడం మంచిది.

నాటడం, సంరక్షణ

కొబ్బరికి 1 మీటరు పొడవు, వెడల్పు, లోతు గల గొయ్యి వేసవిలోనే తీసి ఉంచాలి. అడుగున కొబ్బరిడొక్కలను లోపలి భాగం పైకి ఉండేలా పరిస్తే అవి నీటిని పట్టి ఉంచుతాయి. తరువాత చెరువుమట్టి, పశువుల గత్తం కలిపిన మట్టితో నింపి, వర్షాలు మొదలైన తరువాత మొక్కను నాటాలి. జీడిమామిడి అంటును, అతుకు నేలకు పైన ఉండేలా నాటి, అతుకు కింద వచ్చే చిగుళ్ళను ఎప్పటికప్పుడు తీసివేయాలి.

ఇసుకలో ఒకేసారి ఎక్కువ నీరు పోస్తే వృథా అవుతుంది. కొద్దికొద్దిగా తరచు పోయాలి. మొక్క పక్కన మట్టికుండను మెడ వరకు పాతి నీటితో నింపి, మూత పెడితే కుండ గోడల గుండా తేమ నెమ్మదిగా వేళ్ళకు చేరుతుంది. చైనాలో క్రీ.పూ. 1వ శతాబ్దపు ఫాన్ షెంగ్‌జీ వ్యవసాయ గ్రంథం ఈ పద్ధతిని వర్ణించింది. మొదలు చుట్టూ ఎండుటాకులు, కొబ్బరిపీచు కప్పితే నేల చల్లగా ఉంటుంది.

గత్తం ఇసుకనేలకు ప్రాణం వంటిది. కాని కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ముపురుగు గత్తపు కుప్పలలోనే గుడ్లు పెడుతుంది. అందువలన కుప్పను కొబ్బరిచెట్లకు దూరంగా వేసి, తరచు తిరగవేసి పురుగులను ఏరివేయాలి.

తుపానులు

2013 అక్టోబరు 12న గోపాలపూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపానులు ఈ తోటలను దెబ్బతీశాయి. తిత్లీ వలన కొబ్బరి, జీడితోటలకు తీవ్రనష్టం జరిగింది. కూలిన కొబ్బరిచెట్టు స్థానంలో నాటిన మొక్క కాపుకు వచ్చేవరకు ఆ కుటుంబం అనేక సంవత్సరాల ఆదాయాన్ని కోల్పోతుంది.

కొబ్బరికి ఎదిగే మొవ్వు ఒక్కటే. అది విరిగితే చెట్టు బ్రతకదు. వేళ్ళు తెగకుండా ఒరిగిన లేతచెట్టును నిలబెట్టి, ఊతమిచ్చి, మొదట మట్టి ఎగదోస్తే కోలుకోవచ్చు. జీడి, పనస, మునగ చెట్లు కొమ్మలు విరిగినా మళ్ళీ చిగురిస్తాయి. విరిగిన చోట నున్నగా కోసి బోర్డో ముద్ద పూయాలి. ఒకే జాతి చెట్లపై ఆధారపడక, మొదటి ఏడు కాసే మునగ, మూడవ ఏడు కాసే జీడి అంటు, ఆలస్యంగా కాసే కొబ్బరి కలిపి నాటితే ఒక తుపానుకు పెరడంతా ఒక్కసారిగా ఆదాయం లేకుండా పోదు.

ఇవి కూడా చూడండి

కొబ్బరి
జీడిమామిడి
పలాస
తిత్లీ తుపాను