ఏపీ 10, టీఎస్ 10, టీజీ 10: బండి నంబరు అసలు ఎవరిది?

సికింద్రాబాద్‌లో ఏ సిగ్నల్ దగ్గరైనా ఒక్క నిమిషం ఆగి, ముందున్న బళ్ళ నంబర్లు చదవండి. ఒకటి ఏపీ 10. పక్కనే టీఎస్ 10. ఆ వెనకాల షోరూమ్ నుంచి ఇప్పుడే దిగిన బండి, దానికి టీజీ 10. మూడూ మన సికింద్రాబాద్ ఆర్టీఏ ఇచ్చిన నంబర్లే. ఆఫీసు ఒకటే, అక్షరాలు మాత్రం మూడు రకాలు. ఇవాళ్టి ప్రశ్న ఏంటంటే, మనకి నచ్చిన నంబరు ఒకటుంటే, బండి పోయాక కూడా దాన్ని దాచుకోవచ్చా? అసలు ఆ నంబరు మనదా, బండిదా, సర్కారుదా?

ముందు బ్రిటన్ సంగతి చూద్దాం, ఎందుకంటే నంబరు దాచుకోవడం అనేది అక్కడ పెద్ద వ్యవహారం. 1903లో వాళ్ళు మోటారు కార్ల చట్టం చేశారు. 1904 జనవరి 1 నుంచి ప్రతి కారుకీ నంబరు ఉండాల్సిందే అన్నారు. లండన్‌లో ‘ఏ 1’ అనే నంబరు ఎర్ల్ రస్సెల్ అనే ప్రభువుకి దక్కింది. దాని కోసం ఆయన రాత్రంతా ఆఫీసు ముందు కాపలా ఉన్నాడని చెప్పుకుంటారు. అంటే ఫ్యాన్సీ నంబర్ల పిచ్చి మన దగ్గర పుట్టింది కాదన్నమాట! ఇప్పుడు అక్కడ కారు అమ్మేసినా నంబరు అట్టిపెట్టుకోవచ్చు. 80 పౌండ్లు కడితే ఒక సర్టిఫికెట్ ఇస్తారు, అది పదేళ్ళు చెల్లుతుంది. ఈలోపు కొత్త కారు కొంటే దానికి తగిలించుకోవచ్చు. నంబరు ఒక ఆస్తిలాగా బీరువాలో ఉంటుంది.

మరి మన దగ్గర? మోటారు వాహనాల చట్టం ప్రకారం నంబరు ఇచ్చేది బండికి, మనిషికి కాదు. బండి అమ్మితే నంబరు కూడా బండితోపాటే కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళిపోతుంది. ఉత్తరప్రదేశ్, ఢిల్లీ లాంటి చోట్ల ఈమధ్య దారి ఇచ్చారు. ఫీజు కడితే పాత బండికి మామూలు నంబరు వేసి, మీ ఫ్యాన్సీ నంబరును కొత్త బండికి మారుస్తారు. కానీ హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో జనానికి అలవాటైన పద్ధతి వేరే. అదే వేలంపాట.

ఇందులో ఒక కిటుకు ఉంది. బ్రిటన్‌లో ‘ఏ 1’ ఒక్కటే. మన దగ్గర ఒక సిరీస్ 1తో మొదలై 9999తో ముగుస్తుంది. అయిపోగానే అక్షరాలు మారి మళ్ళీ 1 నుంచి మొదలు. అంటే పోయిన 9999 మళ్ళీ వస్తుంది. అందుకే ఇక్కడివాళ్ళు నంబరును దాచుకోరు, తర్వాతి సిరీస్ కోసం కాచుకుంటారు. కొత్త బండి కొన్న ప్రతిసారీ అవే అంకెలకి మళ్ళీ పాడతారు, మళ్ళీ డబ్బు కడతారు. 2021లో జూనియర్ ఎన్టీఆర్ తన కొత్త కారుకి 9999 కోసం ఖైరతాబాద్ ఆఫీసులో 17 లక్షలు పెట్టారు. 2024లో అదే ఆఫీసులో అవే నాలుగు తొమ్మిదులు 25 లక్షలు దాటాయి. సర్కారుకి ఇది ఎండిపోని బావి. అమ్మేది ఇనుము కాదు, నేల కాదు, ఉత్త అంకెలు!

సరే, డబ్బున్నవాళ్ళు అంకెలు కొనుక్కుంటారు. అంకెల ముందుండే అక్షరాల మాటేంటి? వాటిని ఎవరూ పాడుకోలేరు. అవి చరిత్రతోపాటు మారతాయి.

1989కి ముందు మన నంబర్లలో ఊరి కోడ్ అంకె ఉండేది కాదు. ‘ఏ’తో మొదలయ్యే మూడు అక్షరాలు, తర్వాత అంకెలు. ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్య రథం నంబరు ఏబీఆర్ 7776 గుర్తుందా? ఆ పద్ధతి అది. 1988 చట్టం 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాక కొత్త వరస వచ్చింది. ఖైరతాబాద్‌కి ఏపీ 9, సికింద్రాబాద్‌కి ఏపీ 10, మలక్‌పేటకి ఏపీ 11.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో చాలామంది కుర్రాళ్ళు బళ్ళ మీద ‘ఏపీ’ చెరిపేసి ‘టీజీ’ అని రాసుకున్నారు. చట్టం ఒప్పుకోదని తెలిసే రాశారు. వాళ్ళకది నంబరు కాదు, నినాదం. 2014 జూన్‌లో రాష్ట్రం వచ్చింది. కోడ్ మాత్రం ‘టీఎస్’ అయింది. పాత ఏపీ బళ్ళన్నీ నాలుగు నెలల్లో మార్చుకోవాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దాని మీద హైకోర్టులో కేసు పడింది. నిజమే కదా, వేరే రాష్ట్రానికి వెళ్ళిన బండికి నంబరు మార్చాలంటే అర్థముంది. ఇక్కడ బండి ఎక్కడికీ పోలేదు. రాష్ట్రమే మారింది! ఆ గడువు గడిచిపోయింది, ఏపీ 10 ప్లేట్లు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయాయి. 2024 మార్చిలో కోడ్ ‘టీజీ’ అయింది. ఈసారి కొత్త బళ్ళకి మాత్రమే అన్నారు, పాతవాటి జోలికి పోలేదు.

ఇదంతా జరుగుతున్నా సికింద్రాబాద్‌లో ఒక రకం బళ్ళు మాత్రం చెక్కు చెదరలేదు. అవే ఆర్మీ బళ్ళు. కంటోన్మెంట్‌లో చూసే ఉంటారు, ప్లేటు మీద పైకి చూసే బాణం గుర్తు, సంవత్సరం చెప్పే రెండంకెలు ఉంటాయి. ఆ బాణం బ్రిటిష్ సైన్యం తన సామాను మీద వేసుకున్న ముద్ర నుంచి వచ్చింది. వాటికి నంబరిచ్చేది ఆర్టీఏ కాదు, రక్షణ శాఖ. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరుతో వెలిసిన ఈ దండు ఊరు నిజాం రాజ్యం, హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అన్నీ చూసింది. ఆర్మీ ప్లేటుకి ఏ రాష్ట్రంతోనూ పని లేదు. బదిలీల మీద తిరిగే జవాన్ల సొంత బళ్ళకి కూడా 2021లో బీహెచ్ సిరీస్ తెచ్చారు. రాష్ట్రం మారినా ఆ నంబరు మారదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. చివరి ఏపీ 10 నంబర్లు ఇచ్చింది 2014లో. లెక్క వేయండి, 2029కల్లా వాటన్నిటికీ మొదటి గడువు తీరిపోతుంది. ఆ తర్వాత బండిని తనిఖీ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. చేయిస్తే అదే నంబరు నిలుస్తుంది. తుక్కుకి ఇస్తే బండితోపాటు ఆ నంబరూ పోతుంది. 9999 మళ్ళీ సిరీస్‌లో వస్తుంది గానీ, సికింద్రాబాద్ ఆఫీసు నుంచి ‘ఏపీ 10’ ఇక రాదు. ఎంత పాట పాడినా దొరకదు.

మీ ఇంట్లో నాన్న కొన్న స్కూటరో, తాతయ్య నడిపిన కారో ఏపీ 10 నంబరుతో ఉంటే, ఇవాళే ఆర్సీ తీసి గడువు తేదీ చూడండి. ఉంచుకోవాలా, తుక్కుకి ఇవ్వాలా అన్నది మీ ఇష్టం. ఇచ్చేసేదైతే, ముందు ఆ ప్లేటుని ఒక్క ఫోటో అయినా తీసుకోండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.