పాడిని పీల్చిన నట్టలు: మన కిన్వట్ సీమ పశుపాలన చరిత్ర

పాడిపంటలు అను జంటపదము తెలుగువారి నోట పుట్టినదే. పంట తప్పిన సంవత్సరమున పాడి ఇల్లు గడపినది. పాడి తగ్గిన సంవత్సరమున పంట ఆదుకొన్నది. ఆ పాడికి కలిగిన కష్టములను గూర్చి మన పెద్దలు చెప్పుకొన్న కథలలో మొదట వినవచ్చునది పెద్దరోగము. దినముల వ్యవధిలో మందలను తుడిచిపెట్టిన ఆ ఉపద్రవమును ఎవరును మఱువలేదు. కాని ఏడాది పొడుగునను పశువు కడుపులో దాగి, దానిని మెల్లమెల్లగా పీల్చివేయు నట్టల కథను మనలో చెప్పుకొన్నవారు అరుదు. ఆ లోపమును కొంతవఱకైనను తీర్చవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

నేను పశువైద్యుడను కాను. మెట్రిక్యులేషన్ వఱకు చదివి, గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. ఉద్యోగకాలమున నా చేతి మీదుగా నడచిన ఒక చిట్టాలో పశువుల మరణకారణములకు గడులుండెడివి. అంటువ్యాధికి ఒకటి, పిడుగుపాటుకు ఒకటి, పాముకాటుకు ఒకటి. చిక్కి చిక్కి చచ్చిన పశువునకు మాత్రము గడి లేదు. అట్టి వానిని "ఇతరములు" అను గడిలో వ్రాసితిని. సంవత్సరాంతమున కూడినపుడు ఆ గడియే అన్నిటికంటె పెద్దదిగా తేలెడిది. లెక్కకు అందని నష్టమే మనలను ఎక్కువగా నష్టపఱచినదని నాకు తోచినది అప్పుడే.

మన మాండవి కిన్వట్ తాలూకాలోనిది. టేకు, మోదుగ దట్టముగా పెరిగిన అడవి ఒక ప్రక్క, వాగులు, చెరువులు ఒక ప్రక్క. గోండులు, కొలాములు, లంబాడీలు, మరాఠీ సోదరులు, మనము అందఱము పశువులను నమ్ముకొని బ్రతికినవారమే. ఈ జిల్లాలోని కంధార్ ప్రాంతపు ఎఱ్ఱని పశుజాతి దేశమంతట పేరు గన్నది. మాళేగాం ఖండోబా జాతరలో ఇప్పటికిని పశువుల సంత సాగుచున్నది. మేత సమృద్ధి, నీరు సమృద్ధి. కాని ఆ మేత, ఆ నీరే నట్టలకును నెలవులైనవి.

మన పెద్దలకు ఈ సంగతి బొత్తిగా తెలియదనుట తప్పు. మోదుగ గింజలను నూరి, వేపాకు రసము కలిపి, వెదురు గొట్టముతో పశువు గొంతులో పోయుట మా ఇంట నేను కన్నులారా చూచితిని. వాయువిడంగములు, మోదుగ గింజలు క్రిమిహరములని ఆయుర్వేదమును చెప్పుచున్నది. అయితే ఆ చికిత్స పేడలో కంటికి కనబడిన ఏలికపాములకు, బద్దెపురుగులకు ఉద్దేశింపబడినది. కార్జములో దాగిన జలగ కంటికి కనబడదు. పాలు తగ్గి, వెండ్రుకలు గరుకెక్కి, దవడ క్రింద నీరు దిగిన పశువును చూచి దిష్టి తగిలినదని దిగదుడిచిరే గాని, చెరువు అంచున మేసిన పచ్చగడ్డిని ఎవరును అనుమానింపలేదు.

ఆ గుట్టు బయటపడినది మన దేశమున కాదు. 1879-80 లో ఇంగ్లండు దేశమున కార్జపు జలగ వలన లక్షలకొలది గొఱ్ఱెలు చచ్చినవి. అప్పుడు ఆక్స్‌ఫర్డులో థామస్, జర్మనీలో లూకార్ట్ అను పండితులు వేర్వేరుగా పరిశోధించి 1883 నాటికి దాని జీవితచక్రమును విప్పి చూపిరి. పేడతో బయటపడిన గ్రుడ్డు నీటిలో పొదుగును. దాని పిల్ల ఒక చిన్న నత్తలో ప్రవేశించి, అక్కడ వందలకొలదిగా వృద్ధి పొందును. పిమ్మట నత్తను విడిచి నీటి ఒడ్డున గడ్డిపోచలకు అంటుకొని యుండును. ఆ గడ్డిని మేసిన పశువు కార్జములో మరల జలగ యగును. మన దేశపు జలగ ఆ జాతికి జ్ఞాతియే. మార్గము మాత్రము ఒక్కటే. పేడ, నీరు, నత్త, గడ్డి అను నాలుగు మెట్లలో ఏ ఒక్కదానిని తెంచినను శత్రువు నశించును.

మన దేశమున ప్రభుత్వ పరిశోధనాలయము 1889 లో పూనాలో వెలసి, 1893 లో హిమాలయములలోని ముక్తేశ్వరమునకు తరలినది. అక్కడి వారి దృష్టి మొదట పెద్దరోగము మీదనే నిలిచెను. అది న్యాయమే. 1954 లో జాతీయ నిర్మూలన కార్యక్రమము మొదలై, టీకాల బలముచేత 2006 లో మన దేశమును, 2011 లో ప్రపంచమంతయును ఆ రోగము నుండి విముక్తి పొందినవి. నట్టల విషయమున అట్టి విజయగాథ లేదు. అయినను కృషి లేకపోలేదు. పశువు ముక్కులో చేరి గురక పుట్టించు పురుగును 1933 లో మదరాసు రాజధానిలో ఎం. అనంత నారాయణరావు వర్ణించి ప్రకటించెను. దానికిని నీటి నత్తయే ఆధారము.

మందుల చరిత్రలో తెలుగువాని పేరు కలదని చెప్పుటకు నాకు గర్వముగా నున్నది. భీమవరమున 1895 లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున పనిచేయుచుండగా, 1947 లో ఆయన బృందము బోదకాలు పురుగునకు హెట్రజాన్ అను మందును వెలువరించినది. మనుష్యులకై పుట్టిన ఆ మందును తరువాత పశువుల ఊపిరితిత్తుల నట్టలకును వాడిరి. 1938 నుండి ఫినోథయజీను, 1961 నుండి థయాబెండజోలు, 1981 నుండి ఐవర్‌మెక్టిను వచ్చినవి. ఈ చివరిదానికి మూలమైన పరిశోధనకు 2015 లో ఓమురా, క్యాంప్‌బెల్ అను శాస్త్రజ్ఞులు నోబెల్ బహుమానము పొందిరి.

ఇన్ని మందులు వచ్చినను మన దొడ్లకు అవి ఆలస్యముగా చేరుటకు ఒక కారణము మన చరిత్రలోనే యున్నది. 1956 నవంబరు 1 వఱకు కిన్వట్ తాలూకా హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆనాడు నాందేడు జిల్లాలో చేరి బొంబాయి రాష్ట్రమునకును, 1960 మే 1 న మహారాష్ట్రమునకును చెందినది. కార్యాలయపు భాష మారినది. ఇంటి భాష మారలేదు. మా తండ్రిగారికి మరాఠీ మాటలాడుట వచ్చును గాని చదువుట రాదు. "జంత్" మందు ఇచ్చెదరని కాగితములో నున్నను, అది మన నట్టల మందేయని ఆయనకు చెప్పినవారు లేరు. ఆ ఏడాది మా గేదెకు పుట్టిన దూడ తెల్లని పారుడుతో చిక్కి, నెల దాటక మునుపే చచ్చినది. అంతకు ముందు రెండేండ్లును అట్లే జరిగినది. దూడకు ఏలికపాములు తల్లి పాలనుండియే సంక్రమించునని, పుట్టిన పది మొదలు పదునాఱు దినముల లోపల మందు పోసినచో బ్రతుకునని నేను తెలిసికొనునప్పటికి మా దొడ్డి ఖాళీయైనది.

కావున పాఠక మహాశయులకు నా మనవి యేమనగా, మందు ఒక్కటే చాలదు, పంచాంగమును కావలెను. ఏరువాకకు ముందు ఒకమారు, దీపావళి దాటిన పిమ్మట ఒకమారు నట్టల మందు పోయింపుడు. రెండవమారు కార్జపు జలగకు పనిచేయు మందు తప్పక ఉండవలెను, ఏలయన వానకాలమున అంటుకొన్న జలగ చలికాలమున బాధించును. పేడను చెరువు గట్టున పారవేయక గోతిలో కుప్పవేసినచో ఆ వేడికి గ్రుడ్లు చచ్చును. నీరు తొట్టిలో పోసి త్రాగింపుడు. బురద అంచుల మేత మాన్పుడు. దూడలను పెద్ద పశువులు మేసిన చోట మేపకుడు. పేడను సూక్ష్మదర్శినితో పరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన మందును బరువునకు తగినంత పోయుడు. తక్కువ మోతాదును మాటిమాటికి పోసినచో నట్టలు దానికి లొంగకుండ పోవును. చూలు పశువుల విషయమునను, మందు పోసిన పిదప పాలు ఎన్ని దినములు విడువవలెనను విషయమునను వైద్యుని మాట దాటరాదు.

శ్రావణ అమావాస్య నాడు, మరాఠీ సోదరులు పోళా యనుచు, మనము పొలాల పండుగ యనుచు, ఎద్దులను కడిగి కొమ్ములకు రంగులు వేసి పూజింతుము. పైనుండి చేయు ఆ పూజ మంచిదే. దాని కడుపును గూర్చియు ఏడాదికి రెండు దినములు తలచినచో ఆ పూజ సంపూర్ణమగును. మన పిల్లలు మరాఠీ చక్కగా చదువగలరు. వారు "జంత్" అని చదివిన కాగితమును ఇంటిలోని అవ్వకు "నట్టలు" అని చెప్పినచో చాలును. నా చిట్టాలో "ఇతరములు" అను గడి కొంతైనను చిన్నదగును.