జహనుమా డాబాలపై పెద్ద డిష్షులు

హైదరాబాదు పాతబస్తీలోని జహనుమా పేరెత్తగానే చరిత్రకారులు పైగా వంశపు అమీరుల వైభవమును, సమీపముననే కొండపై 1884లో నిర్మాణ మారంభమైన ఫలక్‌నుమా సౌధమును స్మరించుట పరిపాటి. ఆ స్మరణము యుక్తమే. కాని 1991 మొదలుకొని దాదాపు పుష్కరకాలము ఈ పేటలోని డాబాలపై ఎనిమిది, పది, పండ్రెండు అడుగుల డిష్షులు నిలిపి, వానిని నూలువాసి మేర కదిపి, చెదరిన బొమ్మను తేటపరచిన మనుష్యుల పనితనమునకు మన స్థానిక చరిత్రలో ఒక్క పుటయైనను లేకపోవుట నాకు మిక్కిలి బాధాకరము. ఆ పనితనమును నేను విద్య యనియే పిలుతును.

ఆకాశమునకు యంత్రము గురిపెట్టుట ఈ ప్రాంతమునకు క్రొత్త గాదు. నవాబు జఫర్ జంగు గ్రబ్ కంపెనీవారి 15 అంగుళముల దుర్భిణిని తెప్పించి, 1901 ప్రాంతమున మనకు చేరువనున్న ఫిసల్‌బండాలోనే వేధశాల నెలకొల్పెను. 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించిన పిమ్మట అది బేగంపేటకు తరలిపోయెను. డిష్షు మాటకు వచ్చినచో, పట్టణముకన్న పల్లెయే ముందున్నది. 1975 ఆగస్టు నుండి 1976 జులై వరకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహముతో జరిగిన 'సైట్' ప్రయోగమున, ఆంధ్రప్రదేశముతో కూడిన ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములందు కార్యక్రమములు చూపుటకు మూడు మీటర్ల జాలీ డిష్షులు అమర్చబడెను. అక్కడి టీవీ సెట్లను తయారుచేసినది మన హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. సంస్థయే.

1990 ఏప్రిల్‌లో ఆసియాశాట్-1 కక్ష్య చేరి, మరుసటి యేడు స్టార్ ప్రసారములును, 1992 అక్టోబరులో జీ టీవీయును దానినుండి వెలువడగా, మా డాబాలపై డిష్షులు లేచినవి. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల యెత్తున, 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశముపై నున్న ఆ ఉపగ్రహము జహనుమా నుండి చూచువారికి ఆగ్నేయమునకు కొంచెము తూర్పుగా, దిఙ్మండలమునకు 53 డిగ్రీల యెత్తున నుండెడిది. అందుచేత డిష్షునకు ఆ దిశయందు పదియడుగుల గోడ యున్నచో దానికి ఏడున్నర అడుగులు వెనుకకు జరిగిన చాలును. ఈ లెక్క తెలియక, పొరుగువారు పై అంతస్తు వేసిరని తగవులాడినవారును మా వీథిలో కలరు.

బొమ్మపై తెల్లని, నల్లని గీతలు ముసరగానే ఇంటి యజమానికి తోచు ఉపాయము ఇంకను పెద్ద డిష్షు కొనుట. ఎనిమిదడుగుల దానిస్థానమున పండ్రెండడుగులది పెట్టినచో గ్రహించు శక్తి రెండుంబావు రెట్లగు మాట నిజమే. అయితే ఆనాటి ప్రసారములు ఎఫ్.ఎం. పద్ధతివి, సిగ్నలు ఒక హద్దుకు దిగువనున్నంతసేపు గీతలు ముసరుచునే యుండును, ఆ హద్దును ఏ కొంచెము దాటినను బొమ్మ ఒక్కసారిగా శుభ్రపడును. ఆ కొంచెమును ఖర్చులేకుండ సాధించుటయే మా మెకానిక్కుల నేర్పు.

మొదట వారు చూచునది డిష్షును గాదు, స్తంభమును. మేస్త్రీలు గోడ నిటారు సరిచూచుకొను గుండుదారమును నాలుగు వైపుల వ్రేలాడదీసి, స్తంభము వాలియున్నచో తక్కిన పని యేదియు ముట్టుకొనకుండిరి. ఏలయన మోటారుతో తిరుగు డిష్షు స్తంభము వాలినచో ఒక ఉపగ్రహమును పట్టి మరియొకదానిని తప్పిపోవును. పిదప అంచు నుండి అంచుకు రెండు దారములను అడ్డముగా, నిలువుగా బిగించి, నడుమ అవి ఒండొంటిని తాకుచున్నవో లేదో పరీక్షింతురు. దారముల నడుమ ఎడమున్నచో డిష్షు మెలితిరిగినదన్నమాట. ఆ ప్రసారముల సి-బ్యాండు తరంగము పొడవు సుమారు ఏడున్నర సెంటీమీటర్లు. ఏడు మిల్లీమీటర్లకు మించని రంధ్రములుగల జాలీ దానికి గట్టి గోడయే యగును గాని, జాలీలో అర సెంటీమీటరు సొట్ట మాత్రము దానికి గొప్ప లోపము. తరువాత నాభి కొలత: అడ్డుకొలత వర్గమును లోతునకు పదహారు రెట్లతో భాగింపవలెను. పండ్రెండడుగుల డిష్షు లోతు రెండడుగులైనచో నాలుగున్నర అడుగుల దూరమున, తరంగములను గ్రహించు ఫీడ్‌హారన్ నోరుండవలెను. బడి మెట్లెక్కని ఒక మెకానిక్కు ఈ లెక్కను సుద్దముక్కతో మా నీళ్లట్యాంకు గోడపై చేసి చూపుట నేను కన్నులార చూచితిని. అటుపిమ్మట దాని వెనుకనుండి సిగ్నలును పెంచు ఎల్.ఎన్.బి.ని మెల్లగా త్రిప్పుచు 'ఆయా?' అని యతడు పైనుండి కేకవేయగా, మెట్లపైనొక బాలుడు దానిని క్రిందికందించి, టీవీ ముందున్నవారి 'థోడా ఔర్'ను తిరిగి పైకి చేర్చుచుండెను.

నాకు అన్నిటికన్న ఆశ్చర్యకరముగా తోచినది సూర్యుని సహాయము. మార్చి 12, 13 తేదీల ప్రాంతమునను, తిరిగి అక్టోబరు తొలి దినములలోను, ఉదయము పదిగంటల వేళ సూర్యుడు మాకు సరిగ్గా ఆసియాశాట్ వెనుకకు వచ్చును. కొన్ని నిమిషములపాటు అతని రేడియో రొదలో ప్రసారము మునిగిపోవును. ఇతరులు టీవీ చెడిపోయెనని చింతించు ఆ నిమిషములలోనే మా మెకానిక్కు డాబాపైకి పరుగెత్తి, ఫీడ్‌హారన్ నీడ డిష్షు నడిబొడ్డున పడినదో, ఏ ప్రక్కకు తొలగినదో చూచి, ఆ తొలగినంత మేర బోల్టులు సడలించి సరిదిద్దెడివాడు. ఇనుప చువ్వల మిద్దెపై దిక్సూచి నమ్మదగినది గాదు. ఆ నీడయందు పొరపాటుకు తావులేదు.

కాపాడుకొనుట మరియొక శ్రమ. వానకాలమున కనెక్టరులోనికి నీరుదిగి కేబులు లోని రాగి పచ్చబారును. దానికి ఎం-సీల్ పూతయు, కేబులును క్రిందికొక వంపు వంచి నీరు జారవిడుచుటయు మందు. పాతబస్తీ పావురములు ఫీడ్ కాళ్లపై బారులుతీరును. సంక్రాంతి పతంగుల మాంజా మోటారు దండమునకు చుట్టుకొని, పండుగ మరునాడు డిష్షులను కదలనీయదు.

2003లో డిష్ టీవీయు, 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి డీడీ డైరెక్ట్ ప్లస్సును రాగా, రెండడుగుల కె.యు. బ్యాండు పళ్లెములు పెద్దవానిని దింపివేసినవి. అల్యూమినియము తూకమునకు పోయెను. అయినను ఉచిత ప్రసారములకై నిలుపుకొన్న డిష్షులు అక్కడక్కడ నేటికిని కలవు. వానికి 2022లో వచ్చిన 5జీ క్రొత్త చిక్కు తెచ్చినది. దానికిచ్చిన 3300-3670 మెగాహెర్ట్జ్ పట్టీ మన ఎల్.ఎన్.బి. వినికిడి అంచులను తాకుటచే, చేరువనున్న టవరు ధాటికి లోపలి యాంప్లిఫయరు ఉక్కిరిబిక్కిరియై మంచి సిగ్నలును సైతము పోగొట్టును. డిష్షు దిశ మార్చి ప్రయోజనము లేదు. ఫీడ్‌హారన్‌కును ఎల్.ఎన్.బి.కిని నడుమ 3700 మొదలు 4200 వరకే పోనిచ్చు ఫిల్టరును బిగింపవలెను. బిగించునపుడు రెంటి నడుమ రబ్బరు వలయము మరువరాదు, లేనిచో తొలివానకే నీరు చొచ్చును.