క్రైస్తవ చింతన: పరీక్షకు చదవవలసిన చరిత్ర

ధూల్‌పేటలో నేనుండే సందులో ఏడాదిలో చాలా నెలలు వినాయక విగ్రహాల పని సాగుతుంది. ఆ పనివారి ఇంటి మేడగదిలో అద్దెకుండే ఒక విద్యార్థి మతాధ్యయన పరీక్షకు చదువుతున్నాడు. ‘క్రైస్తవ చింతన’ అతని ప్రశ్నపత్రాలలో ఒకటి. ఒక సాయంత్రం నోట్సు పట్టుకొని నావద్దకు వచ్చాడు. అగస్టీను, అక్వినాసు, లూథరు - ఒక్కొక్కరికి ఒక్కొక్క పుట; పుట్టిన సంవత్సరం, రాసిన గ్రంథాలు, ముఖ్య సిద్ధాంతం. అన్నీ కంఠస్థం చేశాడు. చివరకు నోట్సు మూసి, “సార్, కరువు రోజుల్లో ఒంగోలు దగ్గర మా పెద్దలు బాప్తిస్మం తీసుకొన్నారని ఇంట్లో చెప్పుకొంటారు. ఆ సంగతి ఇందులో ఎక్కడైనా రాయవచ్చా? రాస్తే మార్కులు పడతాయా?” అని అడిగాడు.

నేను వేదాంతిని కాను; తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ని. మార్కుల సంగతి పరీక్షాధికారులు చూసుకొంటారు. కాని ఆ ప్రశ్నను మనం దాటవేయడానికి వీలులేదు. క్రైస్తవ చింతన అంటే పీఠాధిపతులూ పండితులూ చేసిన వాదాలేనా? చెప్పులు కుట్టే మనిషి వెయ్యేళ్ల ఆచారాన్ని కాదని ఏటిలో దిగినప్పుడు, ఆ దిగడం వెనుక చింతన లేదా?

ముందు ఆ నోట్సునే మరొకమారు చదువుదాం. క్రైస్తవం రోమను సామ్రాజ్యంలో బానిసల, బీదల, హక్కులు లేని జనుల ఉద్యమంగా ఆరంభమయిందని ఎంగెల్స్ 1894లో రాసిన వ్యాసంలో వివరించి, దానిని తన కాలపు కార్మికోద్యమంతో పోల్చాడు. 313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆ మతానికి స్వేచ్ఛ నిచ్చాడు. 325లో నైసియా మహాసభను తానే పిలిపించాడు. అంటే పన్నెండేళ్లలోనే నిన్నటి హింసితుల విశ్వాసం చక్రవర్తి సమక్షంలో తేలవలసిన రాజ్యవ్యవహారమయింది. 1517లో లూథరు పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని ఎదిరించాడు. 1525లో జర్మను రైతులు అదే బైబిలును చేతబట్టి తమ దాస్యం రద్దుచేయమన్నప్పుడు, వారిని నిర్దయగా అణచివేయమని అదే లూథరు ప్రభువులకు రాశాడు. రైతుల పక్షాన నిలిచిన మతబోధకుడు థామస్ మ్యూంట్జర్‌ను ఆ ఏడే నరికి చంపారు. మన విద్యార్థి నోట్సులో లూథరుకు ఒక పుట వున్నది. మ్యూంట్జర్ పేరే లేదు. గ్రంథం ఒక్కటే. దానిని ఎవరు ఎక్కడ నిలబడి చదివారన్నదే చరిత్ర.

ఇక తెలుగునేలకు వద్దాం. మన భాషలో అచ్చయిన తొలి పుస్తకాలే ఈ మతానికి సంబంధించినవి. బెంజమిన్ షుల్జ్ 1746-47లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చువేయించిన చిన్న పుస్తకాలలో మతబోధ ప్రశ్నోత్తరమాల ఒకటి. అందులో ప్రశ్నా పాదిరీదే, జవాబూ పాదిరీదే; నేర్చుకొనేవాడు వల్లెవేయాలి. 1843 నవంబరులో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో ఇంగ్లీషు బడి పెట్టాడు. పై కులాలవారు మారితే తక్కిన సమాజం వెంట వస్తుందని ఆయన నమ్మకం. అందుచేత అస్పృశ్యులను ఆ బడిలో చేర్చుకోలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందగానే బడి దాదాపు ఖాళీ అయింది. తర్వాత మళ్లీ నిండింది. ఇంగ్లీషు రానిదే ఉద్యోగం రాదు గదా! బైబిలు విన్నవారికి అది పాఠ్యాంశంగానే మిగిలింది. దాని అవసరం ఎవరికి వున్నదో వారు గడప వెలుపలే వుండిపోయారు.

ఒంగోలులో వ్యవహారం తిరగబడింది. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, అమెరికన్ బాప్టిస్టు మిషనులో చేరాడు. పేరయ్య తోళ్ల వ్యాపారి. అంతకు ముందే యోగమార్గపు గురువులవద్ద శిష్యరికం చేసినవాడు. మాదిగవాడలలోని ఈ గురుసంప్రదాయాలను గురించి ఎమ్మా రౌషెన్‌బుష్-క్లౌ 1899లో ఒక పుస్తకమే రాసింది. కాబట్టి పేరయ్య ఖాళీ బుర్రతో పాదిరీ ముందుకు పోలేదు. తన ప్రశ్నలు తాను వెంటబెట్టుకొని పోయాడు. ఆయనా, ఆయనవంటివారూ ఊరూరా తిరిగి చెప్పిన తర్వాతనే వాడలు కదిలాయి. వీరిని చేర్చుకొనేసరికి పై కులాలవారు ఆ మిషనుకు దూరమయ్యారు.

ఒంగోలులోని మిషనరీ జాన్ క్లౌ కొత్తవారికి పెట్టిన నియమాలు ముఖ్యంగా మూడు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. చూడడానికివి మతనియమాలు. కాని పల్లె ఆర్థికవ్యవస్థలో పెట్టి చూడండి. పిలిచిన రోజున పిలిచిన పనికి పోవడం మాదిగ విధి; ఆదివారం రాననడమంటే ఆ వెట్టికి వారంలో ఒక రోజు గండి కొట్టడమే. చచ్చిన గొడ్డును ఈడ్చడం, దాని మాంసమే కూలిగా తీసుకోవడం ఆచారం; తిననంటే ఆ కూలిని తిరస్కరించినట్లే. జాతరలో డప్పు కొట్టననడమంటే ఊరి పెద్దరికానికి తలవంచననడం. కరణాలూ, పెత్తందారులూ ఎందుకు మండిపడ్డారో ఇప్పుడు తెలుస్తుంది. వారికి మోక్షంతో పేచీ లేదు, వెట్టితోనే పేచీ.

1876-78 నాటి మహా క్షామంలో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకొన్నాడు. వేలమంది అక్కడ కూలి చేశారు. వారిమీద అజమాయిషీ చేసినవారిలో వారి బోధకులే వున్నారు. కూటికోసం చేరుతున్నారన్న మాట రాకూడదని, సహాయం సాగినన్నాళ్లు, అంటే సుమారు పదిహేను నెలలు, బాప్తిస్మాలు ఆపివేశారు. సహాయం ఆగిపోయినా జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నా విద్యార్థి ఇంటివారు చెప్పుకొనే సంగతికి నేపథ్యం ఇది.

అయితే దీనిని విముక్తి అని రాసి చేతులు దులుపుకోరాదు. కాలువ సామ్రాజ్య ప్రభుత్వానిది. భూమి ఎప్పటివలె ఆసాములదే. మిషనులో పెత్తనం దొరలదే. కులం చర్చి గుమ్మం దగ్గర ఆగిపోలేదు. వినుకొండలో 1895లో పుట్టిన జాషువ క్రైస్తవుడై వుండి, 1941 నాటి ‘గబ్బిలం’లో అస్పృశ్యుని మొర శివునికి పంపించాడు. ఆ మొర వినే చెవి అటు గుడిలోనూ ఇటు చర్చిలోనూ ఆయనకు కనిపించలేదనే నేననుకొంటాను. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. గౌరవం కవికి దక్కింది. వాడ అక్కడనే వున్నది.

స్వతంత్ర రాజ్యం కూడ ఒక పరీక్ష పెట్టింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మతం మారినంత మాత్రాన ఊరు వారిని అంటరానితనం నుంచి విడుదల చేయలేదు. ప్రభుత్వ కాగితం మాత్రం విడుదల చేసింది! ఇటు సమాజంలోనూ, అటు చర్చిలోనూ పరాయివారైన వీరి స్థితిని కె. విల్సన్ 1982లో హైదరాబాదునుంచి వెలువడిన పుస్తకంలో చర్చించాడు. అంతకు ముందేడు బెంగుళూరులో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగం దళిత వేదాంతానికి నాంది అయింది. చింతన వాడలోనుంచి తిరిగి తరగతిగదికి చేరిందన్నమాట.

మనం కూడ ఒక పరీక్ష తప్పామని ఒప్పుకోవాలి. మతం మత్తుమందన్న మార్క్సు మాటను పట్టుకొన్నాము. దానికి ముందే, మతంలోని బాధ నిజమైన బాధకు వ్యక్తరూపమనీ, దానిపై నిరసన అనీ ఆయన చెప్పినదాన్ని వదిలిపెట్టాము. అందువల్ల 2,222 మందిని పాదిరీల ఖాతాలో వేసి ఊరుకొన్నాము. వెట్టికి రానన్న మనిషిని గుర్తించలేని చరిత్రదృష్టి ఏ వర్గానిది?

విద్యార్థికి నేను చెప్పినది ఇంతే. సంవత్సరాలు, గ్రంథాలు తప్పులేకుండా నేర్చుకో. లూథరును గురించి అడిగితే 1517తో ఆగక 1525 కూడ రాయి. భారతదేశాన్ని గురించి అడిగితే పేరయ్యతో మొదలుపెట్టు. మీ ఇంటి ముసలివారిని అడిగి, వారు చెప్పినది వేరే నోట్సులో రాసిపెట్టు. పరీక్ష అయిపోయిన తర్వాత ఆ రెండవ నోట్సు నాకు కావాలి.