భీమవరంవాడి మాత్ర, మా వదిన పాదాలు

ఈ ఎపిసోడ్ మా ఇంట్లోనే మొదలైంది.

మాది తాడేపల్లిగూడెం. మా వదినకి పెళ్లికి ముందు నుంచే షుగర్. ఆరో నెలలో పాదాలకి తిమ్మిర్లు, రాత్రయితే మంటలు మొదలయ్యాయి. కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే అన్నారు పెద్దవాళ్లు. షుగర్‌తో నరాలు దెబ్బతినడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. గర్భంతో వచ్చి కాన్పుతో పోయే షుగర్ అంత తొందరగా ఆ పని చెయ్యదు. వదినది పాత షుగర్ కాబట్టి అదే కారణం అనుకున్నాం. రక్తం కూడా బాగానే ఉంది. ఏలూరులో చూపిస్తే డాక్టరుగారు ఇంకోటి అడిగారు: "మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్లుగా వాడుతున్నారమ్మా? నీసు తింటారా?"

ఈ ప్రశ్న వెనక పెద్ద కథ ఉంది. అందులో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు.

మద్రాసులో వైద్యం చదివి ఆయన బోస్టన్ వెళ్లారు. టొరంటోలో మనిషికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చింది 1922లో. అంతకుముందు షుగర్ ఉన్న ఆడవాళ్లు కాన్పుదాకా చేరడమే అరుదు. ఆయన హార్వర్డ్ రోజుల గురించి ఇప్పుడు చెప్పను, అదే ఒక ఎపిసోడ్ అవుతుంది.

1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు, మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేశారు. ఈస్ట్‌తో చేసే మార్మైట్ పెడితే వాళ్లకి రక్తం పట్టింది. అందులో ఏ పదార్థం పనిచేసిందో అప్పటికి తెలీదు. 1945లో అమెరికాలో లెడర్లీ కంపెనీలో సుబ్బారావు గారి బృందం ఆ పదార్థాన్ని తయారుచేసింది. అదే ఫోలిక్ యాసిడ్.

చిక్కు తర్వాత వచ్చింది. పెర్నీషియస్ అనీమియా రోగులకి ఈ మందు ఇస్తే రక్తం బాగుపడింది. కానీ కొందరికి తిమ్మిర్లు పెరిగాయి, నడక తడబడింది. వాళ్లకి అసలు లోటు బి12. ఫోలిక్ యాసిడ్ రక్తం వరకూ ఆ లోటుని కప్పేస్తుంది. నరాల మీది పొరని మాత్రం కాపాడలేదు. బి12ని 1948లో వేరుచేశారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్క్‌లో పోయారు.

ఇప్పుడు వదిన సంగతికి రండి. షుగర్ ఉన్నవాళ్లకి గర్భం రాకముందు నుంచే 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. బిడ్డ వెన్నుపాము కోసం ఇచ్చేది అది, మానకూడదు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు. పైగా మాది నీసు ముట్టని ఇల్లు. కొల్లేరు పక్కనే ఉన్నా కొరమేను రుచి తెలీదు! చేపల్లో బి12 బాగా ఉంటుంది. వదినకి పరీక్ష చేయిస్తే బాగా తక్కువ వచ్చింది.

ఇంజెక్షన్లు మొదలుపెట్టాక తిమ్మిర్లు చాలావరకు తగ్గాయి. మంట కొంత మిగిలింది, అది షుగర్‌దే అన్నారు. పాపకి ఇప్పుడు రెండేళ్లు. వదిన ఈనాటికీ చెప్పులు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి, రాయి గానీ ముల్లు గానీ ఉందేమో తడిమి చూసుకుంటుంది.