డొనెట్‌స్క్‌లో ఒక లేన్

పరుగు పందేల చరిత్రలో నాకు మహా ఇష్టమైన మాస్టారు ఒకాయన ఉన్నాడు. పేరు చార్లెస్ ప్రైస్. అమెరికాలో షికాగో దగ్గర ఒక హైస్కూల్లో పాఠాలు చెబుతూ, పిల్లలకు పరుగు నేర్పేవాడు. తమ బళ్లో చదివే బెట్టీ రాబిన్సన్ అనే అమ్మాయి రైలు తప్పిపోతుందని ఉరికి అందుకోవడం ఆయన కంట పడింది. ఆ వెంటనే బడి వరండాలోనే పరిగెత్తించి టైము తీశాడు. కొద్ది నెలలకే, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో, ఆ పిల్ల 100 మీటర్లు 12.2 సెకన్లలో పరిగెత్తి స్వర్ణం గెలిచింది. వయసు పదహారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు అథ్లెటిక్స్ పెట్టడమే అది మొదలు. అంటే మహిళల స్ప్రింట్ చరిత్రలో తొలి ఒలింపిక్ విజేత బడిపిల్ల. ఆమెను కనిపెట్టింది బడిపంతులు. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ బళ్లలో పీఈటీగా చేసి రిటైరైన నాలాంటిదానికి ఇంతకన్నా గర్వపడే సంగతి ఏముంటుంది?

ఆ ఒలింపిక్స్‌లోనే 800 మీటర్ల పందెం అయ్యాక అమ్మాయిలు అలసి కూలబడ్డారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. దాంతో ఆ పందేన్ని తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. 200 మీటర్లు 1948లో వచ్చింది, 400 మీటర్లయితే 1964 దాకా లేనే లేదు. పరిగెత్తి వచ్చిన మగవాడు కిందపడితే వీరుడు, ఆడది పడితే అబల. ఈ మాట మా ఊళ్లలోనూ నేను రిటైరయ్యేదాకా వింటూనే ఉన్నాను. "ఉరుకుడేంది మేడం, ఆడివిల్లకు? రేపు కాలో చెయ్యో ఇరిగితే ఎవరు చేసుకుంటరు?" అని అడిగిన తల్లులకు లెక్కలేదు.

మన దేశం సంగతికొస్తే, 1952లో హెల్సింకీ వెళ్లిన నీలిమా ఘోష్‌కు పదిహేడేళ్లు. ఆమె, మేరీ డిసౌజా అక్కడ స్ప్రింట్లు పరిగెత్తారు. 1980లో మాస్కో వెళ్లిన పి.టి. ఉషకు పదహారు. ఇద్దరూ టీనేజీలోనే ఒలింపిక్స్‌లో పడ్డారు. తమ ఈడువాళ్లు ప్రపంచంలో ఎంత వేగంగా పరిగెత్తుతున్నారో చూసుకునే వేదికే వాళ్లకు లేదు. హీట్స్‌లోనే ఇంటిదారి పట్టడంలో వింతేమీ లేదు. ఇరవై ఏళ్లు నిండని వాళ్లకోసం ప్రపంచ జూనియర్ పోటీలు 1986లో ఏథెన్స్‌లో మొదలయ్యాయి. ఉషకు అప్పటికి ఇరవై రెండు. ఆ ఏడే సియోల్ ఆసియా క్రీడల్లో నాలుగు స్వర్ణాలు గెలిచింది గనుక ఆమెకు ఆ మెట్టు అవసరం లేకపోయింది. కానీ ఉష అందరూ కాలేరు కదా. పదహారు, పదిహేడేళ్ల వాళ్లకు విడిగా ప్రపంచ యూత్ పోటీలు పెట్టింది ఇంకా ఆలస్యంగా, 1999లో, పోలండ్‌లోని బిడ్‌గోష్‌లో. అక్కడ 100 మీటర్లు గెలిచిన జమైకా అమ్మాయి వెరొనికా కాంప్‌బెల్, మరుసటి ఏడు శాంటియాగో జూనియర్ పోటీల్లో 100, 200 రెండూ కొట్టింది. 100 మీటర్లకు 11.12 సెకన్లు. తర్వాత ఒలింపిక్ విజేత అయింది.

ఈ జమైకా వాళ్ల రహస్యమేమిటని చాలామంది అడుగుతారు. నాకు తెలిసినంతలో రహస్యం బళ్ల పోటీల్లోనే ఉంది. వాళ్లకు "ఛాంప్స్" అని హైస్కూళ్ల అథ్లెటిక్స్ ఉంటుంది. మగపిల్లలకు 1910లో మొదలైంది, ఆడపిల్లలకు 1957 నుంచి. 1999లో రెండూ కలిపేశారు. స్టేడియం నిండిపోతుంది, టీవీలో చూపిస్తారు. మన దగ్గర జోనల్ మీట్‌కు వచ్చేది పిల్లలు, పీఈటీలు, పల్లీల బండివాడు.

మా మీట్ ఎలా జరిగేదో ఒకసారి చూడండి. ముందురోజు సాయంత్రం తాడు పట్టుకుని ఇద్దరు పిల్లలు ఆ కొసా ఈ కొసా నిలబడితే, నేను డబ్బాలోంచి సున్నం చల్లుకుంటూ వెళ్లేదాన్ని. లేన్ వెడల్పు 1.22 మీటర్లు ఉండాలి. గాలి వీచిందా, సున్నమంతా చీరమీదే. బ్లాకులు ఎక్కడివి? మూడో గీత దగ్గర నేల గట్టిగా ఉంటే చిన్న గడ్డపారతో కాలు ఆనేంత గుంట తవ్వుకునేవాళ్లు. పిస్తోలుకు బదులు చెక్క క్లాపర్. ఫినిష్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకున్న సారు ఆ చప్పుడు విని నొక్కేవాడు. ఆ చప్పుడు వంద మీటర్లు ప్రయాణం చేసి ఆయన చెవిన పడేసరికే దాదాపు 0.3 సెకను గడిచిపోతుంది. పిల్ల అప్పటికే కదలడం మొదలుపెట్టి ఉంటుంది. నిజానికి చెక్కలు కొట్టుకోవడం కంటితో చూసి నొక్కాలి. అలా నొక్కినా చేతి టైముకు 0.24 కలిపితేగాని ఎలక్ట్రానిక్ టైముతో పోల్చకూడదు. అందుకే "మా అమ్మాయి 12 ఫ్లాట్" అని ఎవరైనా అంటే వెంటనే నమ్మను. మనవాళ్లు బయటికెళ్లి వెనకబడ్డారని తిట్టేవాళ్లు ఈ లెక్క చూడరు. ఎన్నో సందర్భాల్లో పిల్ల నెమ్మదించలేదు, గడియారం నిజం చెప్పిందంతే.

ఈ గడియారం ముందు మొదట గట్టిగా నిలబడిన అమ్మాయి ద్యుతీ చంద్. ఒడిశాలో జాజ్‌పూర్ జిల్లా చాకా గోపాల్‌పూర్‌లో నేతపనివాళ్ల కూతురు. అక్క సరస్వతి పరిగెత్తుతుంటే చూసి తానూ బ్రాహ్మణి నది ఒడ్డున పరిగెత్తింది. 2013 జులైలో ఉక్రెయిన్‌లోని డొనెట్‌స్క్‌లో ప్రపంచ యూత్ పోటీల్లో 100 మీటర్ల ఫైనల్ చేరింది. ప్రపంచస్థాయి పోటీల్లో 100 మీటర్ల ఫైనల్లో ఒక భారతీయ అథ్లెట్‌కు లేన్ దక్కడం అదే మొదలు. పతకం రాలేదు కాబట్టి పేపర్లలో పెద్దగా రాలేదు. 2018లో హిమా దాస్ 400 మీటర్లలో గెలిచిన స్వర్ణం అందరికీ గుర్తుంది. నన్నడిగితే మాత్రం మన ఆడపిల్లల స్ప్రింట్ చరిత్ర డొనెట్‌స్క్‌లోని ఆ లేన్‌తోనే మొదలవుతుంది. ఆ ఊరు మరుసటి ఏడాదికే యుద్ధంలో చిక్కుకుంది.

ద్యుతీ కూడా మరుసటి ఏడాదికి మరో రకం యుద్ధంలో చిక్కుకుంది. 2014లో తైపీలో ఆసియా జూనియర్ పోటీల్లో రెండు స్వర్ణాలు తెచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లను, ఒంట్లో టెస్టోస్టిరాన్ ఎక్కువగా ఉందంటూ కామన్‌వెల్త్ క్రీడల జట్టులోంచి తప్పించారు. ఆమె లుసానేలోని క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జులైలో ఆ నిబంధనను కోర్టు నిలిపివేసింది. అప్పుడామె వచ్చింది మన హైదరాబాద్‌కే. గోపీచంద్ అకాడమీలో ఉంటూ కోచ్ నాగపురి రమేశ్ దగ్గర సాధన చేసింది. 2016లో రియో వెళ్లింది. ఒలింపిక్స్‌లో మహిళల 100 మీటర్లలో ఉష తర్వాత మళ్లీ మన అమ్మాయి కనబడింది అప్పుడే. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 100, 200 రెండింట్లో రజతాలు గెలిచింది. 2023లో డోపింగ్ కేసులో నాలుగేళ్ల నిషేధం పడింది. మన పిల్ల కదా అని చరిత్రలో ఆ ముక్క మింగేయడం నాకు ఇష్టం లేదు.

హార్మోన్ల గొడవ ఆమెతో ఆగలేదు. 2018లో నిబంధన కొత్త రూపంలో వచ్చింది గానీ 400 మీటర్ల నుంచి మైలు దాకా ఉన్న పందేలకే వర్తించింది. నమీబియా అమ్మాయి క్రిస్టీన్ ఎంబోమాను అలాగే 400 మీటర్లకు పనికిరావన్నారు. ఆమె 200కు మారింది. టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది. అదే నెలలో, అంటే 2021 ఆగస్టులో, నైరోబీ ప్రపంచ అండర్-20 పోటీల్లో (జూనియర్ పోటీలకే కొత్త పేరు) 21.84 సెకన్లలో స్వర్ణం కొట్టింది. అదే పందెంలో రజతం గెలిచిన బియాట్రిస్ మసిలింగీదీ అదే కథ. 2023లో ఆంక్షను అన్ని పందేలకూ పెంచారు. 2025 నుంచి ప్రపంచ పోటీల్లో మహిళల విభాగానికి జన్యు పరీక్ష తప్పనిసరి చేశారు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్ల ఒంటిగురించి ప్రపంచమంతా చర్చించుకోవడం ఎంత క్రూరమో కమిటీల్లో కూర్చున్నవాళ్లకు ఎవరు చెప్పాలి? నియమం పెట్టండి, వద్దనను. కానీ పేరు బయటికి రాకుండా చూడండి.

ఇక హిమా దాస్. అస్సాంలో ఢింగ్ దగ్గర వరి రైతు కూతురు. ఫుట్‌బాల్ ఆడేది. 2017లో నైరోబీలో జరిగిన ప్రపంచ యూత్ పోటీల్లో 200 మీటర్ల ఫైనల్‌కు వెళ్లింది. మరుసటి ఏడు జులై 12న ఫిన్లాండ్‌లోని టాంపరేలో ప్రపంచ అండర్-20 పోటీల 400 మీటర్ల ఫైనల్. ఆఖరి మలుపు దాకా ఆమె వెనకే ఉంది. నేరు దారిలోకి వచ్చాక రుమేనియా అమ్మాయిని దాటేసి 51.46 సెకన్లకు గీత దాటింది. ప్రపంచస్థాయిలో మన దేశానికి ట్రాక్‌మీద వచ్చిన తొలి స్వర్ణం అది. సెమీస్ అయ్యాక ఆమెకు ఇంగ్లీషు అంత బాగా రాదని జాతీయ సమాఖ్య ట్వీట్ పెట్టి, జనంచేత చీవాట్లు తిని, క్షమాపణ చెప్పింది. పరుగుకు ఇంగ్లీషెందుకో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ పోటీల్లోనే జమైకా పిల్ల బ్రియానా విలియమ్స్ పదహారేళ్లకే 100, 200 రెండూ గెలిచింది.

తర్వాత మన అమ్మాయిలు ఫైనల్స్ అలవాటు చేసుకున్నారు. 2021లో అవే అండర్-20 పోటీల్లో ప్రియా మోహన్ 400 మీటర్లలో నాలుగో స్థానం. 2022లో కొలంబియాలోని కాలీలో మీరట్ పిల్ల రూపల్ చౌదరి మిక్స్‌డ్ రిలేలో రజతం, 400లో 51.85తో కాంస్యం తెచ్చింది. మూడు రోజుల్లో నాలుగుసార్లు 400 మీటర్లు! పరిగెత్తినవాళ్లకే తెలుస్తుంది ఆ కాళ్ల మంట.

మా ప్రాంతానికీ ఇందులో వాటా ఉంది. ద్యుతీకి నేర్పిన రమేశ్ సారే మా వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తికీ నేర్పారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఆమె 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం గెలిచింది. హన్మకొండ నెహ్రూ స్టేడియంలో ఇప్పుడు సింథటిక్ ట్రాక్ ఉంది. 2021లో జాతీయ ఓపెన్ పోటీలు అక్కడే జరిగాయి. దానిమీద పరిగెత్తే పిల్లలకు గుంట తవ్వడమంటే ఏమిటో తెలియదు. తెలియక్కర్లేదు కూడా.

ప్రపంచ యూత్ పోటీలను 2017 నైరోబీతో ఎత్తేశారు. ద్యుతీకి, హిమకు ప్రపంచాన్ని మొదట చూపించిన మెట్టు అదే. ఎత్తేయడం తప్పని నా అభిప్రాయం. ఇప్పుడు మిగిలింది అండర్-20 ఒక్కటే. దాని అర్హతంతా పుట్టిన తేదీమీద ఆధారపడుతుంది. మన రికార్డులు చూస్తే సగం మంది పిల్లలు జూన్ 1నే పుట్టినట్టుంటారు. చిన్న వయసు రాయించి జిల్లాలో పతకం కొట్టించేవాళ్లనూ చూశాను. అక్కడ ఓడిపోయిన అసలు వయసు పిల్ల మళ్లీ మైదానంలోకి రాదు. 2026 అండర్-20 పోటీలను అమెరికాలోని యూజీన్‌కు ఇచ్చారు. వాటికి 2007 జనవరి 1కి ముందు పుట్టినవాళ్లు పనికిరారు. నా తోటి పీఈటీలూ, తల్లిదండ్రులూ, పిల్లను ఒకటో తరగతిలో చేర్పించేనాడే అసలు తేదీ రాయించండి.